మా డాన్స్ టీచర్ ఎడమ అడుగు

మా డాన్స్ టీచర్ పోయారు. మొన్న మంగళవారం పొద్దున నాంపల్లిలో యూనివర్సిటీ మెట్లెక్కుతుంటే గౌలిగూడ నుంచి ఆమె కోడలు ఫోన్ చేసింది. రాత్రి అన్నం తిని, కాసేపు టీవీ చూసి పడుకున్నారట. పొద్దున లేపితే లేవలేదట. ఎవరితోనూ ఒక్కపూట కూడా చేయించుకోకుండా పోయిందని చెప్పి ఆ అమ్మాయి ఏడ్చింది. నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. వెనక వస్తున్న మా విద్యార్థులు ఏమైంది మేడమ్ అని చుట్టూ చేరితే, మా టీచర్ పోయారని మాత్రం చెప్పాను. మిగతాదంతా అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతాను.

గౌలిగూడలో ఆమె ఉండే సందు ఒక స్కూటర్ వస్తే ఇంకో స్కూటర్ ఆగాల్సినంత ఇరుకు. నేను వెళ్ళేసరికి ఆ సందు నిండా ఆడవాళ్ళు. ఒకామె మెడలో బ్యాంకు ఐడీ కార్డుతో అట్లాగే వచ్చేసింది. ఒకామె పోలీసు డ్రెస్సులో ఉంది. ఇంకొకామె చంకలో పసిపిల్ల. ఎదురింటి అరుగు మీది పెద్దాయన వచ్చినవాళ్ళందర్నీ చూసి, గింతమంది బిడ్డలా ఆమెకు అని ఆశ్చర్యపోయాడు. ఆమెకు ఒక్కడే కొడుకు. మేమంతా అబిడ్స్‌లో ఆమె పనిచేసిన ఆడపిల్లల బడిలో చదువుకున్నవాళ్ళం. అంతమందిలో డాన్సును బతుకుదెరువు చేసుకున్నది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు బడి వదిలాక గజ్జె కట్టింది లేదు. అయినా పనులు మానుకుని వచ్చారు, ఎండలో నిలబడ్డారు, పురానాపూల్ శ్మశానం దాకా వెంట నడిచారు.

సాయంత్రానికి మా పాత విద్యార్థినుల వాట్సాప్ గ్రూపులో ఎవరో 'నృత్యరంగానికి తీరని లోటు' అని పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. నృత్యరంగానికి ఆమె ఎవరో తెలిస్తే కదా లోటు! ఆమె ఏ ఆడిటోరియంలోనూ ఒంటరిగా ప్రదర్శన ఇవ్వలేదు. శాలువాలు కప్పించుకోలేదు. పేపర్లో ఫొటో పడిందంటే అది స్కూలు వార్షికోత్సవం గ్రూపు ఫొటోలో ఓ మూల, సగం చెవి. లోటు వచ్చింది మాకు. ఆ ముక్క సూటిగా అంటే చాలు.

మా బడి అబిడ్స్ పెద్దరోడ్డు వెనక ఉంటుంది. ఆదివారం పూట మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారే, ఆ ఫుట్‌పాత్ దాటి లోపలికి తిరగాలి. కంప్యూటర్‌కు గది ఉంది, కుట్లకు గది ఉంది, డాన్సుకు మాత్రం లేదు. మధ్యాహ్నం మేం అన్నాలు తినే రేకుల షెడ్డే డాన్స్ క్లాసు. పీరియడ్ కూడా లంచ్ తర్వాతే. టీచర్ వచ్చీరాగానే కొంగు నడుముకు చుట్టి చీపురు అందుకునేవారు. కింద ఒక్క మెతుకు కనబడితే అడుగు వెయ్యనిచ్చేవారు కాదు. అన్నం తొక్కుకుంట ఆడతరా, ముందుగాల ఊడ్వున్రి అనేవారు. కాబట్టి మా బడిలో నాట్యం చీపురుతో మొదలయ్యేది. ఇప్పుడు యూనివర్సిటీలో నాట్యశాస్త్రం గురించి గంటసేపు చెప్పి అలిసిపోయినప్పుడు నాకు ఆ చీపురు చప్పుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఊడ్చాక ఆమె చిన్న చెక్కపీట ముందర పెట్టుకుని కర్రతో కొట్టేవారు. తయ్యుం దత్త తయ్యుం తా. రేకుల షెడ్డులో ఆ చప్పుడుకు పక్క క్లాసు లెక్కల టీచరు తలుపు వేసుకునేది. మాలో ప్రతి ఒక్కరికీ దరువు వచ్చు, లెక్కలు అంతంతమాత్రం.

ఇప్పటి స్కూళ్ళలో డాన్స్ అంటే ఏమిటో మీకు తెలుసు. వార్షికోత్సవానికి నెల ముందు సన్నగా, చురుగ్గా ఉన్న పిల్లల్ని ఏరుకుంటారు, రికార్డు వేసి తిప్పుతారు, మిగతా పిల్లలు కింద కూర్చుని చప్పట్లు కొడతారు. మా టీచర్ దగ్గర ఆ బేరం నడవలేదు. క్లాసులో ఎంతమంది ఉంటే అంతమందీ ఆడాల్సిందే. ఒకసారి ప్రిన్సిపాల్ గారు వచ్చి, ఆసక్తి ఉన్నవాళ్ళకు మాత్రం నేర్పండి, తక్కినవాళ్ళు చదువుకుంటారు అన్నారు. టీచర్ కర్ర కింద పెట్టి, "లెక్కలు వచ్చినోళ్ళకే లెక్కలు చెప్తున్నమా మేడమ్? రానోళ్ళకే గద పీరియడ్ పెట్టింది" అన్నారు. ప్రిన్సిపాల్ గారు ఎండ ఎక్కువగా ఉందని వెళ్ళిపోయారు.

నేను ఆ రానివాళ్ళ జాబితాలోదాన్నే. బొద్దుగా ఉండేదాన్ని. నలుగురిలో చెయ్యెత్తాలంటే చచ్చేంత సిగ్గు. షెడ్డు గోడకు ఆనుకుని, కడుపునొప్పి అని చెప్పి తప్పించుకునేదాన్ని. ఒకరోజు ఆమె నా దగ్గరికి వచ్చి వంగి, చెవిలో, "కాళ్ళకు సిగ్గుండది బిడ్డా, ఉండేదంత మొఖానికే. మొఖం నా దిక్కు పెట్టి కాళ్ళను ఇడిసిపెట్టు" అన్నారు. నేను ఆమె మొహం చూస్తూ కాళ్ళు వదిలేశాను. అంతే. నా బతుకులో నేను తీసుకున్న పెద్ద నిర్ణయం ఏదని ఎవరైనా అడిగితే అదేనని చెబుతాను, నాకేం మొహమాటం లేదు.

మెచ్చుకోవడం ఆమెకు రాదు. బాగా చెయ్యకపోతే "మళ్ళ" అనేవారు. ఇంకా బాగా చెయ్యకపోయినా "మళ్ళ" అనేవారు. ఎప్పుడైనా, చాలా అరుదుగా, తలొంచుకుని "ఔ" అనేవారు. ఆ ఒక్క అక్షరం కోసం మేం మోకాళ్ళు అరగదీసుకున్నాం. ఇంటికెళ్ళి అమ్మకు చెప్పుకునేవాళ్ళం, ఇవాళ టీచర్ నాకు ఔ అన్నారు అని.

మాది మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మా నాన్న రైల్వేలో గుమాస్తా, సంఘంలో పెద్ద. నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. బడిలో పీరియడ్ కాబట్టి డాన్స్ చేసినన్నాళ్ళూ ఆయన ఏమీ అనలేదు. ఇంటర్ అయ్యాక నేను డాన్స్‌లోనే డిగ్రీ చేస్తానన్నప్పుడు మాత్రం పళ్ళెం ముందు నుంచి లేచిపోయారు. ఆయన బాధంతా ఒక్కటే. ఆడబోయే ముందు నేలకు మొక్కుతారు కదా, ఆ మొక్కు ఎవరికి?

ఈ సంగతి తెలిసి టీచర్ ఒక ఆదివారం, మేం చర్చి నుంచి వచ్చే వేళకు మా ఇంటికి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చాయ్ ఇస్తే సాసర్లో పోసుకుని, నిలబడే తాగారు. నాన్న మర్యాదగానే తన అభ్యంతరం చెప్పారు. ఆమె కప్పు కింద పెట్టి, "నేలను కాళ్ళతోని తన్నబోతున్నం కద సార్. తన్నే ముందట మాఫీ అడుగుతున్నం. మాఫీ అడుగుడు తప్పని మీ గ్రంథంల ఉంటే చెప్పున్రి, నేనిప్పుడే పోత" అన్నారు. నాన్న మా అమ్మను పిలిచి టీచర్ గారికి ఇంకో చాయ్ తెమ్మన్నారు. మా ఇంట్లో అది ఒప్పుకోలు. ఆ తర్వాత నాన్న నా ప్రతి ప్రోగ్రామ్‌కూ వచ్చి చివరి వరసలో కూర్చునేవారు. సంఘంలో ఎవరేమన్నారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

అసలు సంగతికి వస్తాను. డాన్స్ నేర్పేవాళ్ళు మామూలుగా పిల్లలకు వీపు చూపించి ముందు నిలబడతారు. అప్పుడు టీచర్ కుడికాలూ పిల్లల కుడికాలూ ఒకే వైపు ఉంటాయి. చూసి చెయ్యడం తేలిక. డబ్బున్న చోట గోడంతా అద్దం పెట్టించుకుంటారు. మా షెడ్డులో అద్దం లేదు. అద్దం ఉన్నా ఆమె వెనక్కి తిరిగేవారు కాదు. మాకు ఎదురుగా నిలబడి మొత్తం తిరగేసి ఆడేవారు. మా పాఠంలో ప్రతి అడుగూ కుడికాలితో మొదలవ్వాలి. మేం కుడికాలు ఎత్తాలి కాబట్టి, మాకు అద్దంలో బొమ్మలాగా కనబడడం కోసం ఆమె ఎడమకాలు ఎత్తేవారు. చేతులూ అంతే, తిరగడాలూ అంతే, చూపులూ అంతే. ఒక అడుగో రెండడుగులో అట్లా వెయ్యడం ఎవరికైనా వస్తుంది. మొదటి నుంచి చివరిదాకా ఒక నృత్యాంశం మొత్తం తిరగేసి, ఒక్క తప్పు పోకుండా, అదే సమయంలో వెనక వరసలో ఎవరు నవ్వుతున్నారో కనిపెడుతూ ఆడటం నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు. ఎందుకు టీచర్ ఇంత కష్టం, వెనక్కి తిరిగితే పోదా అని నేనే ఒకసారి అడిగాను. వీపు చూపిస్తే ఏ పిల్ల ఏడుస్తున్నదో నాకెట్ల ఎరుకైతది అన్నారు.

ఆ మంచితనమే ఆమె మెడకు చుట్టుకుంది.

నేను యూనివర్సిటీలో పాఠం చెప్పడం మొదలుపెట్టిన కొన్నేళ్ళకు మా బడికి కొత్త నిబంధన వచ్చింది. డిగ్రీ లేనివాళ్ళు ఏ సబ్జెక్టుకూ టీచర్లుగా ఉండకూడదు. మా టీచర్ దగ్గర ఉన్నది సర్కారీ కళాశాలలో సాయంత్రం పూట డాన్స్ నేర్చుకుని తెచ్చుకున్న సర్టిఫికెట్ ఒక్కటే. వాళ్ళ నాయిన జనగాం దిక్కు పల్లె నుంచి వచ్చి అఫ్జల్‌గంజ్‌లో మూటలు మోసినవాడు. ఆ సాయంత్రపు క్లాసు కూడా ఆమె నాయినతో దెబ్బలాడి చేరినదే. ఇక డిగ్రీ మాట ఎక్కడిది? యాజమాన్యం గడువైతే ఇచ్చింది. ఆ లోపల డిగ్రీ రాకపోతే ఆమెను పంపించేస్తారు. ఆమె స్థానంలో ఇంకొకరిని తీసుకునే ఆలోచన వాళ్ళకు లేదు. డాన్స్ పీరియడ్ తీసేసి లెక్కల రివిజన్ పెడతారని టైమ్‌టేబుల్ వేసే టీచరే చెప్పేసింది. తన ఉద్యోగం గురించి మా టీచర్ అంత దిగులు పడలేదు. ఆ పీరియడ్ పోతుందంటే మాత్రం ఆమెకు అన్నం సయించలేదు.

నేనే అప్లికేషన్ నింపి నాంపల్లిలో మా సాయంత్రపు కోర్సులో చేర్పించాను. అట్లా నాకు నేర్పిన మనిషి నా క్లాసులో విద్యార్థిని అయ్యారు. నాకు తల ఎత్తాలంటే ఇబ్బంది. ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. గేటు లోపల నన్ను మేడమ్ అనేవారు, హాజరు పిలిస్తే లేచి నిలబడి ప్రెజెంట్ మేడమ్ అనేవారు. గేటు దాటగానే, "ఏంది బిడ్డా, గొంతు గట్ల పోయింది, నీళ్ళు తాగుతలేవా" అని తిట్టేవారు. పగలు అబిడ్స్‌లో పాఠం చెప్పి, అక్కడి నుంచి నడుచుకుంటూ నాంపల్లి వచ్చి, స్టేషన్ ముందు ఇరానీ హోటల్లో చాయ్ తాగి, తన కొడుకు వయసు పిల్లల పక్కన కూర్చునేవారు. జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వచ్చే జనంతో రోడ్డంతా స్తంభించిపోయినా ఆమె మాత్రం టైముకు ఉండేవారు.

థియరీలో చక్కగా పాసయ్యారు. ప్రాక్టికల్ క్లాసుల్లో అందరితోపాటు అద్దం ముందు నిలబడి కుడి నుంచే ఆడేవారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఆఖరి పరీక్షలో మాత్రం ఒక్కొక్కరే ఆడాలి. ఎదురుగా టేబుల్ వెనక పరీక్షకులు కూర్చుంటారు. నేను తాళాలు పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆమె వచ్చి, నేలకు మొక్కి, నిలబడి, ఎదుట ఉన్న మొహాలు చూశారు. ఎడమకాలు ఎత్తారు.

నా చేతిలో తాళం తప్పబోయింది. ఆమెకు తెలియనే తెలియదు. పరీక్షకు ఇచ్చిన జతిస్వరం అంశం మొత్తం తిరగేసి, అద్భుతంగా, నిండుగా ఆడుతున్నారు. ఎదురుగా మనిషి కనబడితే ఆ ఒళ్ళు ఇన్నేళ్ళుగా ఒక్కటే పని నేర్చుకుంది, ఎదుటివాళ్ళ కుడికి తాను ఎడమ కావడం. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, కృష్ణా తీరం మనిషి, మర్యాదస్థుడు. చెయ్యెత్తి ఆపారు.

"అమ్మా, మీరు అంతా ఎడమ నుంచి చేస్తున్నారు."

ఆమె నిలబడి తన కాళ్ళ వైపు చూసుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టమన్నారాయన. ఈసారి పట్టుబట్టి కుడికాలు ఎత్తారు. నాలుగు వరసలు నడిచింది. తర్వాత కాళ్ళు కుడి, చేతులు ఎడమ, తిరగడం అటూ ఇటూ కాకుండా అయిపోయి, ఆమె మధ్యలో ఆగిపోయారు. ఆ మొహం అంత తెల్లబోవడం నేను ఎప్పుడూ చూడలేదు. పరీక్షకుడికి నేను ఆ తర్వాత అంతా విప్పి చెప్పాను. ఆయన విన్నారు, నమ్మారు. అయినా, తిరగేసినదానికి నేను మార్కులు ఎట్లా వెయ్యను తల్లీ, సప్లిమెంటరీకి సరిచేసుకుని రమ్మనండి అన్నారు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

సప్లిమెంటరీ ఎండాకాలం సెలవుల్లో. బడి గడువు జూన్‌లో బళ్ళు తెరిచేదాకే. ఇక నాకు నిద్ర లేదు. రోజూ సాయంత్రం హాలు తీయించి ఆమెతో సాధన చేయించాను. అద్దంలో చూసుకుంటూ అయితే కుడి నుంచి చేస్తారు. నేను వచ్చి ఎదురుగా కూర్చోగానే ఒళ్ళు తిరగబడుతుంది. కుడికాలికి ఎర్రదారం కట్టాను. దారం ఉన్నదన్న సంగతే మర్చిపోయారు. కళ్ళు మూసుకుని చెయ్యమన్నాను. కళ్ళు మూసుకుంటే నాట్యమే లేదన్నారు. ఒకరోజు విసుగొచ్చి, టీచర్, బడిలో పిల్లల ముందు అట్లా తిరగేసి ఆడటం కొన్నాళ్ళు మానెయ్యండి, అప్పుడే ఈ అలవాటు పోతుంది అన్నాను.

ఆమె గజ్జెలు విప్పి పక్కన పెట్టారు. "నాకు ఇది పట్టుబడేటందుకు జిందగీ పట్టింది బిడ్డా. ఇది మరిస్తే డిగ్రీ వస్తది. డిగ్రీ పట్టుకపోయి పిల్లల ముందర ఎట్ల నిలబడాలె?" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. మర్నాడు సాధనకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే, ఇగ నాతోని కాదు, ఫికర్ చెయ్యకు అన్నారు. నేను ఫోన్ పెట్టేసి ఏడ్చాను. చదువుకున్నదాన్ని, డాక్టరేట్ ఉన్నదాన్ని, ఒక మనిషికి కుడికాలు ఎత్తడం నేర్పలేకపోయాను.

అప్పటికి సెలవులు ఇంకా ఇవ్వలేదు. ఆ వారంలోనే ఆమెకు నచ్చజెప్పడానికి అబిడ్స్ బడికి వెళ్ళాను. లంచ్ అయిపోయింది. షెడ్డులో ఎనిమిదో తరగతి బి సెక్షన్ పిల్లలు ఊడుస్తున్నారు. టీచర్ స్టాఫ్‌రూమ్‌లో ఉన్నారు, ఇంకా రాలేదు. క్లాస్ లీడర్ ఒక చువ్వలాంటి పిల్ల, రెండు జడలు, కాచిగూడ నుంచి బస్సులో వస్తుంది. చీపురు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, మా టీచర్ ఫెయిల్ అయిన్రటగద మేడమ్ అని నిలదీసింది. పిల్లలకు అన్నీ తెలుస్తాయి. దాచి లాభం లేదని జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఎదుట మనిషి ఉంటే ఆమె ఒళ్ళు ఎడమకు పోతుందని, ఆ అలవాటు మానుకోవడం ఆమెకు ఇష్టం లేదని.

ఆ పిల్ల కాసేపు చీపురు కొసతో నేల గీరింది. తర్వాత చాలా మామూలుగా అంది, "ఎందుకు మానుకోవాలె మేడమ్? మేము ఎడమ చేస్తం. అప్పుడు టీచర్‌కు కుడి వస్తది."

ఇన్ని సాయంత్రాలు నేను ఆమెలో ఉన్నదాన్ని ఎట్లా చెరపాలా అని చూశాను. ఈ పిల్లకు దాన్ని వాడుకోవాలని తోచింది. టీచర్ వాళ్ళకు అద్దం అయ్యారు, ఇప్పుడు వాళ్ళు టీచర్‌కు అద్దం అవుతారు. వాళ్ళు ఎదురుగా నిలబడి ఎడమకాలు ఎత్తితే, ఆమె ఒళ్ళు తనకు తెలిసిన పనే చేస్తుంది, కుడికాలు ఎత్తుతుంది. ఏమీ మరవక్కర్లేదు.

చెప్పడం తేలిక. ఆ పిల్లలు జతిస్వరం మొత్తాన్ని ఎడమ నుంచి నేర్చుకోవాలి. వాళ్ళు నిన్నమొన్న కుడి నుంచి నేర్చుకున్నదే ఇంకా సరిగ్గా కుదరలేదు. మొదటిరోజు షెడ్డులో ఒకటే గందరగోళం, ఒకరి చెయ్యి ఒకరి మొహాన తగిలింది, ఒకతె పడిపోయింది. టీచర్ మొదట వద్దే వద్దన్నారు. నా కోసం మిమ్మల్ని ఖరాబు చెయ్యను అన్నారు. పిల్లలు వింటే కదా. మళ్ళ, టీచర్, మళ్ళ అని ఆమె మాటనే ఆమె మీదికి విసిరారు. సెలవులు ఇచ్చినా మానలేదు. ఎండలో, రేకుల షెడ్డు పెనంలాగా కాలుతుంటే, ఇళ్ళల్లో ఏదో ఒకటి చెప్పి వచ్చేవారు. నేను మోజంజాహీ మార్కెట్ నుంచి ఐస్‌క్రీమ్ తెచ్చిపెట్టడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. చెయ్యడానికి నాకు పని మిగల్లేదు. ఆమె వాళ్ళ ఎదురుగా నిలబడేవారు. అంతమంది పిల్లలు ఎడమకాళ్ళు ఎత్తేవారు. ఆమె కుడికాలు ఎత్తేవారు. ఒకరోజు మొత్తం అంశం ఎక్కడా ఆగకుండా నడిచింది. క్లాస్ లీడర్ తలొంచుకుని, "ఔ" అంది. టీచర్ నవ్వు ఆపుకోలేక పీట మీద కూర్చున్నారు.

సప్లిమెంటరీకి అదే పెద్దాయన వచ్చారు. పిల్లల్ని హాల్లోకి రానివ్వరు. ఎదురుగా టేబుల్, కుర్చీలు, నీళ్ళ సీసా, అంతే. ఈసారీ తాళాలు నా చేతిలోనే. టీచర్ నేలకు మొక్కి లేచారు. ఈసారి పరీక్షకుల మొహాల వైపు చూడలేదు. వాళ్ళ తలల మీదుగా, వెనక ఖాళీ గోడ దగ్గర చూపు నిలిపారు. అక్కడ ఆమెకు ఎవరు కనిపిస్తున్నారో నాకు తెలుసు. కుడికాలు లేచింది. అడుగు పడింది, ఇంకొకటి, ఇంకొకటి. మధ్యలో ఒకచోట, గోడ మూలకు చూసి, కనుబొమ్మ ఎగరేసి ఎవరినో గద్దించారు కూడా. వెనక వరసలో ఎవరో పొరపాటు చేసి ఉంటారు. పరీక్షకుడు అది కూడా నాట్యంలో భాగమే అనుకుని రాసుకున్నారు.

అయిపోయాక మామూలుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఈ అంశం ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని. గురువు పేరు, ఆయన గురువు పేరు చెప్పాలి. ఆయన అడిగారు. టీచర్ చేతులు కట్టుకుని నిలబడి, "ఎనిమిదో తరగతి, బి సెక్షన్ సార్" అన్నారు.

పెద్దాయన కలం ఆపి నా వైపు చూశారు. నేను అవునని తల ఊపాను.

పాసయ్యారు. సెకండ్ క్లాసు. ఆ కాగితంతో ఆమె రిటైరయ్యేదాకా అదే షెడ్డులో ఉన్నారు. ఆ పీరియడ్ ఇప్పటికీ టైమ్‌టేబుల్‌లో ఉంది. అక్కడిప్పుడు మా యూనివర్సిటీలో చదివిన అమ్మాయే పాఠం చెబుతోంది. లెక్కల రివిజన్ వేరే పూట చేసుకుంటున్నారు, ఎవరూ చావలేదు. స్కూళ్ళలో డాన్స్ దేనికని సమావేశాల్లో నన్ను అడుగుతుంటారు. మూర్తిమత్వ వికాసం అనీ, సంస్కృతి అనీ నేనూ ఏవో చెబుతాను, మీటింగుల్లో అట్లాగే మాట్లాడాలి. లోపల మాత్రం నాకు ఆ పిల్లలే కనబడతారు. ఎదుటి మనిషికి కుడి రావాలని తాము ఎడమ నేర్చుకున్న పిల్లలు. అది వాళ్ళకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. రోజూ ఎదురుగా చూశారు, అంతే. అది నేర్పిన మనిషిని మొన్న సాగనంపి వచ్చాం. నాకు దుఃఖం ఉంది, చాలా ఉంది. కానీ ఆమె బతుకు వృథా పోయిందా అని నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

ఆ పరీక్ష రోజు ఇంకొక్క ముక్క మిగిలింది. హాల్లోంచి ఇద్దరం బయటికి వచ్చాం. ఎండ మండిపోతోంది. గేటు దగ్గర చెట్టు నీడలో బి సెక్షన్ పిల్లలు, చున్నీలు నెత్తిన కప్పుకుని, పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్నారు. ఆమెను చూడగానే పరుగెత్తుకొచ్చి చుట్టుముట్టారు. ఎట్ల చేసిన్రు టీచర్, అచ్చం అట్లనే మాకు చేసి చూపియ్యున్రి అని పట్టుకున్నారు. జర ఊపిరి తీసుకోనియ్యున్రే అన్నారామె. వాళ్ళు వదల్లేదు. సరే అని సంచి నా చేతికిచ్చి, చెప్పులు విడిచి, కొంగు నడుముకు చుట్టి, ఆ కాలే గచ్చు మీద పిల్లల ఎదుట నిలబడ్డారు. ఒక్కొక్కళ్ళ మొహమూ చూశారు. ఇందాక లోపల అంత భద్రంగా ఎత్తిన కుడికాలు నేల మీదే ఉండిపోయింది. ఎడమకాలు లేచింది. ఎదురుగా పిల్లలందరి కుడికాళ్ళూ ఒక్కసారిగా లేచాయి.